సగటు కారం

మా ఆయనకి ఆదర్శ సమాజాల పిచ్చి. ఉద్యోగాలకని మేం వచ్చిన ఈ దేశంలో, జురాంగ్ ఐలాండ్‌లో ఒక కెమికల్ ప్లాంటులో ఇంజినీరు ఆయన. రానూపోనూ కంపెనీ బస్సులో లైబ్రరీ పుస్తకాలు నమిలేస్తారు. ఎవరో ఎప్పుడో ఊహించిన దీవులు, నగరాలు. అక్కడ ఎవరికీ సొంత ఆస్తి ఉండదు, తలుపులకి తాళాలుండవు, జనమంతా ఒకే రకం బట్టలు కట్టుకుని పెద్ద హాల్లో కలిసి భోంచేస్తారు. ఇంటికొచ్చి ఆ సంగతులు చెబుతుంటే మొహం వెలిగిపోతుంది. చెబుతూ చెబుతూనే సాక్సులు విప్పి సోఫా కింద పడేస్తారు. ఆ దీవుల్లో సాక్సులు ఎవరు ఏరతారో ఒక్క రచయితా రాయలేదు.

నేనూ కొన్ని చదివాను. బ్యాంకులో నా ఉద్యోగానికి మేముండే హౌగాంగ్ నుంచి రైల్లో నిలబడి వెళ్తాను. నిలబడి చదవడం వల్లనో ఏమో, నాకు రెండో రకం పుస్తకాలే నచ్చాయి. వాటిలోనూ అవే నియమాలు, అవే బట్టలు, అదే హాల్లో భోజనం, కాకపోతే అది నరకం. మొదటి రకం పుస్తకం కుర్చీలో కూర్చున్నవాడు రాస్తాడని, రెండోది క్యూలో నిలబడ్డవాడు రాస్తాడని నాకు తోచింది. ఆ మాటే అంటే, "నీకన్నీ వెటకారమే" అని మా ఆయన చిన్నబుచ్చుకున్నారు.

మా బ్లాకులో మాతో కలిపి నాలుగు తెలుగు ఇళ్లు, అన్నీ ఒకే అంతస్తులో. మా పక్కనే కడప నుంచి వచ్చిన బ్యాంకు ఆయన, ఇంట్లోంచే పనిచేస్తాడు. ఆ పక్కన కరీంనగర్ సాఫ్ట్‌వేర్ జంట. కారిడార్ చివర హైదరాబాదీ ముస్లిం కుటుంబం. ఆ ఇంటి పెద్దావిడని పిల్లా పెద్దా అందరం ఆంటీ అనే పిలుస్తాం. ఈ నాలుగిళ్ల మగవాళ్లు నెలకోసారి కింద స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో కూర్చుని మా ఆయన చదివిన పుస్తకాల మీద చర్చ పెట్టేవాళ్లు. సమానత్వం మీద చర్చ పెట్టిన రోజు కూడా ముందే వెళ్లి, టిష్యూ ప్యాకెట్లు పెట్టి రాతి బల్లలు తమవని చోప్ చేసుకున్నారు. రోజూ అక్కడ చదరంగం ఆడుకునే చైనీస్ తాతలు ఆ ప్యాకెట్ల వంక చూసి, నిలబడే ఆడుకున్నారు.

చర్చతో ఆగితే ఎవరికీ నష్టం లేకపోయేది. ఒక ఆదివారం మా ఆయన లేచి ఉమ్మడి వంట ప్రతిపాదించారు. వంతులవారీగా ఒక ఇంట్లో వండాలి, మిగతా మూడిళ్లకీ డబ్బాలు వెళ్లాలి. ఆడవాళ్లకి వంటింటి చెర నుంచి విముక్తి. మాంసం పేచీ లేకుండా అంతా శాకాహారం. వంతు లేని రోజు సొంత వంట నిషేధం, ఎందుకంటే ఒక ఇంట్లో వేపుడూ ఇంకో ఇంట్లో డబ్బా అయితే సమానత్వం చెడుతుందట. అందరూ చప్పట్లు కొట్టి, ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. ఈ ఊళ్లో నియమాలకేం కరువు లేదు, చూయింగ్ గమ్ అమ్మకూడదన్న దగ్గర్నుంచీ ఉన్నాయి. మావాళ్లకి అవి చాల్లేదు.

నాకు మొదట్లో సుఖంగానే ఉంది, అబద్ధమెందుకు. ఆఫీసు నుంచి వచ్చేసరికి డబ్బా సిద్ధం. తెరిస్తేనే ఏడుపొచ్చేది. కూరలో కారం ఎంత వెయ్యాలన్న దాని మీద కడపకీ మా గుంటూరుకీ కరీంనగర్‌కీ పడలేదు. చివరికి మా ఆయన ప్రజాస్వామ్యం అన్నారు. పిల్లలతో సహా తలా ఒక అభిప్రాయం చెప్పాలి, అన్నీ కలిపి సగటు తియ్యాలి. నాలుగిళ్లలోనూ పిల్లలే ఎక్కువ. ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లంతా ముక్తకంఠంతో "నో చిల్లీ" అన్నారు. అలా పుట్టింది సగటు కారం. దాంతో వండిన వంకాయ కూర ఆసుపత్రి భోజనంలా ఉండేది. ఓటేసిన పిల్లలేమో దాన్ని ముట్టుకోకుండా తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి పోయి, సాంబాల్ మిరపముద్ద కలిపిన నూడుల్స్ లాగించేవాళ్లు.

ఈ విముక్తి పొందినవాళ్లలో మా అత్తయ్య కూడా ఉన్నారు. మామయ్య పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఈ దేశంలో ఆవిడ మాట చెల్లేది వంటింట్లోనే. మనవరాలు ఆవిడ తెలుగుకి ఇంగ్లీషులో జవాబు చెబుతుంది, టీవీ రిమోట్ ఆవిడ మాట వినదు. పొద్దున్నే మార్కెట్‌కి వెళ్లి, కూరగాయలమ్మే చైనీస్ ఆవిడతో చేతి సైగలతో బేరమాడి, గెలిచి వచ్చేవారు. ఉమ్మడి వంట మొదలయ్యాక మా వంతు రోజు తప్ప మార్కెట్‌తో పని లేదు. సోఫాలో కూర్చోవడం, లేచి తుడిచిన పొయ్యినే మళ్లీ తుడవడం.

ఒక సాయంత్రం నా పక్కకి వచ్చి, "నేనింకిక్కడ ఎందుకమ్మాయ్? వాణ్ణి టికెట్ తియ్యమను. తెనాల్లో తమ్ముడింటికి పోతా" అన్నారు. అత్తాకోడళ్లం కదా, మాకు మాటా మాటా రాకపోలేదు. అయినా ఆవిడ లేని ఇల్లు నాకొద్దు. వెంటనే మా ఆయనతో చెప్పాను.

"కొత్తలో అంతే. అలవాటు పడటానికి టైం పడుతుంది. అన్ని పుస్తకాల్లోనూ ఈ దశ ఉంది" అన్నారాయన.

కన్నతల్లి బాధ ఆయనకి ఒక దశ! నాకు ఒళ్లు మండిపోయింది.

అత్తయ్య అలవాటు పడలేదు. మేమందరం బయటికి వెళ్లాక, తలుపు మూసుకుని తనకోసం గిన్నెడు చారు పెట్టుకోవడం మొదలెట్టారు. కానీ ఇంగువ పోపుకి తలుపులొక లెక్కా? ఒక మంగళవారం మా నాలుగిళ్ల ఫోన్ గ్రూపులో కడప ఆయన మెసేజ్ పెట్టాడు: "అధ్యక్షుల వారి ఇంటి నుండి ఇంగువ వాసన వచ్చుచున్నది. దయచేసి వివరణ ఇవ్వగలరు." నేను చదివిన రెండో రకం పుస్తకాల్లో జనం మీద నిఘాకి యంత్రాలుంటాయి. మాకు ఆ ఖర్చు లేకుండా కడప ఆయన ముక్కు సరిపోయింది.

ఆదివారం వాయిడ్ డెక్‌లో విచారణ. అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుని దిగారు.

"నీకేం తక్కువైందమ్మా? కూర్చుంటే డబ్బా వస్తోంది కదా" అన్నారు మా ఆయన.

"పొద్దున లెగవంగానే ఇయ్యాల ఏం వండాలా అనుకుంటేనేరా నాకు తెల్లారినట్టు. అది నువ్వు తీసేసుకుని హాయిగా కూర్చోమంటే ఎట్టారా? పొయ్యన్నా ఇయ్యి, టికెట్టన్నా తియ్యి."

"రూలంటే అందరికీ ఒకటే గదా సామీ. ఈ పొద్దు చారంటారు, రేపు వేపుడంటారు" అన్నాడు కడప ఆయన.

ఆంటీ ఊరుకోలేదు. "అరే, ఇంత పెద్ద ఉమర్‌ల అమ్మకి ఆమె చూలా ఇయ్యకుంటే మనమేం మనుషులం? నేను రోజూ చోరీగా బగారా బైంగన్ చేసుకుంటున్న. నాకు కూడా సజా వెయ్యండి!"

మా ఆయన గొంతు సవరించుకుని ఓటింగ్ పెట్టారు. మా అత్తయ్య తన కొడుకింట్లో తన పొయ్యి మీద తను వండుకోవచ్చా, కూడదా? ఇంటికొక్క ఓటు. వండుకోవచ్చని ఆంటీ చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను. "మన ఇంటి ఓటు అధ్యక్షుడిది" అని మా ఆయన నా చెయ్యి దింపించారు. వద్దని కడప ఆయన ఎత్తాడు. కరీంనగర్ అబ్బాయి ఫోన్‌లోంచి తలే ఎత్తలేదు. ఇక మిగిలింది మా ఇల్లు.

"అమ్మంటే నాకెంత ప్రేమో మీ అందరికీ తెలుసు. కానీ సూత్రం సూత్రమే" అని, వద్దనే చెయ్యెత్తారు మా ఆయన.

మన వైపు కూడా ఒక ఆదర్శ రాజ్యం ఉండేదంటారు. అందులోనూ ఎవడో ఏదో కూశాడని, తన ఇంటి ఆడమనిషినే అడవికి పంపిన రాజు ఉన్నాడు. మా ఆయన మరీ కొత్తదేం చెయ్యలేదు.

అత్తయ్య ఆ ఎత్తిన చెయ్యి వంక కాసేపు చూశారు. వెళ్లి లిఫ్టెక్కారు. నేను వెనకాలే పరుగెత్తాను. పైకి వెళ్లగానే బట్టలు సర్దుతారని భయపడ్డాను. ఆవిడ వీధి తలుపు బార్లా తెరిచి, వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించారు. "టికెట్ వద్దులే అమ్మాయ్. వాడి సంఘం వాడిది, నా పొయ్యి నాది" అన్నారు. ఇంగువ మామూలు కంటే రెండింతలు వేశారు.

రాత్రి భోజనాలకి కూర్చున్నాం. నాకూ మా అమ్మాయికీ పొగలు కక్కే అన్నం, చారు, ఎర్రగా వేగిన బెండకాయ వేపుడు. మా ఆయన కంచంలో మాత్రం ఆ రోజు వచ్చిన డబ్బా బోర్లించారు అత్తయ్య. "నువ్వు ఓటేసింది దీనికే కదరా. తిను."

"నాన్నా, యువర్ ఫుడ్ లుక్ సో శాడ్ లా" అంది మా అమ్మాయి, వేళ్లు నాకుతూ.

ఆయన డబ్బా కూరంతా తిన్నారు. మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పాపం, కారం మంట అని చెప్పుకోవడానికి కూడా లేదు. అది సగటు కారం.