వెంకటరమణమూర్తి ఆకలి

బరంపురం పెద్దబజారులో ముప్పై తొమ్మిదేళ్లుగా బెల్లం టోకు వ్యాపారం చేస్తున్న వెంకటరమణమూర్తి, ఆ బెల్లంలో చిటికెడైనా నోట వేసుకుని ఎరగడు. అస్కా వైపు నుంచి వచ్చే సరుకును వేలితో నొక్కి, వాసన చూసి ధర చెప్పేవాడు. ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్లయినా ముట్టడు. అందుకాయనకు గర్వం లేదని ఎవరైనా అంటే అది శుద్ధ అబద్ధం. బోలెడంత ఉంది. "నోరు కట్టుకోడం నాకు సేతనైనప్పుడు మీకేటి రోగం?" అని ఇంటిల్లిపాదినీ సాధించేవాడు.

ఆ గర్వానికే చెల్లెలు బుల్లమ్మ దూరమైంది. ఆమె భారీ మనిషి. ఎంత తిన్నా తనివి తీరేది కాదు. పదకొండేళ్ల క్రితం తల్లి తద్దినం నాడు, రెండోసారి గారెలు అడిగిందని, బంధువులందరి ముందు "సాల్లే, లెగు, తిండిపోతా!" అని ఆమెను విస్తరి ముందు నుంచి లేపేశాడు. బుల్లమ్మ ఎంగిలిచేత్తోనే లేచి, పొలసర బస్సెక్కి తన ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ అన్న గడప తొక్కలేదు. పిలవాలని ఆయనకు ప్రతి తద్దినానికీ అనిపించేది. కానీ నిజం చెప్పొద్దూ, తప్పెవరిదని ఆలోచిస్తే ఎప్పుడూ ఆమెదేనని తేలేది.

నిరుడు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. డాక్టరు పార్కిన్సన్స్ అని చెప్పి మాత్రలు రాశాడు. వణుకు తగ్గింది. కానీ ఆ తగ్గిన చెయ్యే బెల్లం దిమ్మల మీదికి పోసాగింది. మొదట చిన్న పలుకు. తర్వాత గుప్పెడు. కడుపు నిండి వాంతి వచ్చేలా ఉన్నా, ఇంకా కావాలి. అలా మూడు నెలలు దాచాడు. చివరికి ఒక ఏకాదశి మధ్యాహ్నం, గోదాములోకి వచ్చిన కోడలు నాగశ్రీకి, ఒళ్లో బెల్లం ముక్కలతో, మూతి నిండా జిగటతో మామగారు దొరికిపోయారు.

"వద్దనుకుంతన్నానమ్మా... సెయ్యి ఆగట్లేదు," అని ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

భార్య ఆదిలక్ష్మి దిష్టి తీసింది. నాగశ్రీ మాత్రం ఆ మాత్రలు రాసిన డాక్టరు పూర్ణచంద్ర దగ్గరికి లాక్కుపోయింది. వాళ్లింకా నోరు విప్పకముందే, "ఈ మధ్య తినకుండా ఉండలేకపోతున్నారా?" అని అడిగాడాయన. మూర్తి బిత్తరపోయాడు. తన గుట్టు ఈయనకెలా తెలిసింది?

"కొందరిలో ఆ మాత్ర చేసే పనే అది," అన్నాడు డాక్టరు ఒడియాలో. "మెదడులో డోపమిన్ అనే పదార్థం తగ్గి చెయ్యి వణికింది. దాని పని చేసే మందిచ్చాం. 'ఇంకా కావాలి' అనిపించడంలోనూ ఆ డోపమిన్‌దే పెద్ద చెయ్యి."

"మరి ఏ మందూ ఎయ్యకుండానే అలాగుండేవోళ్లో?" మూర్తి తెలుగులోనే అడిగేశాడు.

"ఉంటారు. కడుపు ఖాళీ అయితే గ్రెలిన్ అనే హార్మోను మెదడుకు ఆకలని చెబుతుంది. ఒంట్లో కొవ్వు లెప్టిన్ అనే మరో హార్మోను ద్వారా చాలని చెబుతుంది. కొందరి మెదడుకు ఆ 'చాలు' సరిగా వినబడదు. చాలామట్టుకు పుట్టుకతో వచ్చేదే. వాళ్ల తప్పు కాదు."

మూర్తి బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. గోరంత మాత్ర అరవై ఆరేళ్ల మనిషిని మరో మనిషిని చేసేసింది! కడుపులోంచి తలకీ, తలలోంచి చేతికీ ఈ వినబడని మాటలు పుట్టిన్నాటి నుంచీ నడుస్తూనే ఉన్నాయా? నోరు కట్టుకోవడమంతా తన ఘనతే అనుకున్నాడు. గెలిచానని ఊరంతా చాటుకున్న యుద్ధంలో అసలు ఎదుట నిలిచినవాడే లేడు. భయమేసింది. గర్భగుడి ముందు నిలబడ్డట్టు చేతులు జోడించాలనీ అనిపించింది.

మాత్ర మార్చారు. వణుకు కొంచెం తిరిగొచ్చింది. నెల తిరిగేసరికి బెల్లం మళ్లీ వట్టి సరుకైపోయింది. ఆ వారమే ఆయన పొలసర బస్సెక్కాడు.

బుల్లమ్మ తలుపు తీసి, అన్న చెయ్యి చూసి, కుర్చీ వేసింది. ఆయన ఒక్కటీ దాచకుండా జరిగిందంతా చెప్పాడు. "నీ ఆకలేటో నాకు మూడు నెల్లు తెలిసినాది. తప్పయిపోనాది బుల్లీ," అన్నాడు.

ఆమె నెమ్మదిగా అడిగింది.

"నీకు మాత్ర ఆపితే పోనాది అన్నయ్యా. నానేటి ఆపితే పోతాదో ఆ డాక్టర్ని అడిగినావా?"

క్షమించమని అడిగే తొందరలో మూర్తికి ఆ సంగతే తట్టలేదు.

"లేదమ్మా," అన్నాడు. "బయల్దేరు. ఎల్లి అడుగుదాం."