అక్క అడుగు, భూమి అదురు

నిజాం ఏలుబడిల మాట. నేను లంగా కట్టే పిల్లను. మా అక్కను ఎల్లారెడ్డి ఊరికి ఇచ్చినం. కాపురానికి పోయిన నాడు బండి దిగి గడపల కాలు పెట్టిందో లేదో, భూమి అదిరింది. దొంతి కుండలు దొర్లినయి, వడ్ల గుమ్మి పగుళ్లువారింది. "దీని అడుగు మంచిది గాదు" అని అత్త అదే బండ్ల మా ఊరు కామారెడ్డికి తోలేసింది. తాగ నీళ్లన్న ఇయ్యలె. బావ అడ్డం రాలె.

మా మేనమామ పట్నంల చుక్కలు చూసే సర్కారు బంగ్లాల నౌకరి చేస్తుండె. భూమి కదిలితే కాయితం మీద గీతలు గీసే మిషను గూడ అక్కడుండేదట. సంగతి తెలిసి ఉరికొచ్చిండు. మమ్ముల గన్న అవ్వ, నేను, ఆయన ఎల్లారెడ్డి పోయినం. అక్కను మళ్ల ఇంట్లకు రానియ్యాలె, మాకు గంతే కావాలె.

"ఇను వదినె" అన్నడు మామ అక్క అత్తతోని. "కామారెడ్డిల గుర్రం, ఎడ్లబండి ఒక్కపారే బయలెల్లినయనుకో. నడుమ లింగంపేట కాడ బండి కొంచెమే వెనకుంటది. మీ ఊరొచ్చేసరికి బాగ వెనకవడ్తది. ఆ ఎడం చూసి ఎంత దూరం నుంచి వచ్చినయో చెప్పొచ్చు. భూమి పగిలినా గంతే. ఒక అదురు ఉరుకుతది, ఇంకోటి మెల్లగ వస్తది. ఆ రెండింటి ఎడం మా మిషన్ల చూసినం. పగిలింది నూరు కోసుల అవతల. అదురు అక్కడ బయలెల్లినప్పుడు మీ కోడలింకా బండ్లనే ఉన్నది."

నాకు పానం లేచొచ్చింది. అత్త పోక నములుకుంట, "ఏ దిక్కుకు పగిలిందయ్యా?" అన్నది.

"ఒక్క మిషను దూరమే చెప్తది వదినె. దిక్కు తేలాలంటే ఇంకో రెండు ఊర్ల మిషన్ల లెక్కలు రావాలె."

"దిక్కు తెల్వదు గని దూరం తెలుసట!"

ఇంటోళ్లంత నవ్విండ్రు. అరుగు మీది వాళ్ల కులపెద్ద మీసం దువ్వుకుంట, "ఈశాన్యం. దేవత అలిగింది" అన్నడు. రెప్ప గూడ కొట్టలె. అందరు తలలూపిండ్రు. తెల్వంది తెల్వదన్నందుకు మా మామ అబద్ధాలోడయిండు!

"పోయినేడు మీ బర్రె సచ్చె గదా" అన్నది అవ్వ లేచి. "అప్పుడెవల కోడలు అడుగు పెట్టింది వదినె?"

అయినా వట్టి చేతులతోని మర్లినం.

వానలు పడ్డయి. నాట్లకు కూలోళ్లు దొరకక కోడలి కోసం బండి పంపింది అత్త. అవ్వ బండోన్ని వాకిట్లనే ఆపింది. "చెడ్డ అడుగును మడిల పెట్టిచ్చుకుంటరా? పంపినామెనే రమ్మను."

వచ్చింది. అక్క మూట కట్టుకొని నిలవడ్డది. "నా అడుగుల తప్పు లేదని నీ నోటితోని చెప్పు అత్తా."

అత్త మబ్బుల దిక్కు చూసి, "నారు ముదురుతున్నది, నడువు" అన్నది.

ఆ మాటకే అక్క బండెక్కింది. నేనైతే ఎక్కేదాన్ని కాదు.