ఎలీసమ్మ పట్టిన ఎలుకలు

ఎలీసమ్మ చెమటోడ్చి సాధించిన మొదటి విజయం, తన పేరు మీద కౌలుకు తీసుకున్న అరెకరం మిరపచేను. అంతకుముందు మా పేటలో ఏ ఆడమనిషి పేరు మీదా కౌలు మాట నడవలేదు. ఆ చేని రాబడి మీదే పెంకుటిల్లు లేపింది. ఇక ఆమె కాయ కాయా ఎంచి దాచే విత్తనం సంగతా, పర్చూరు మోతుబరులే గుమ్మం ముందు నిలబడి "గుప్పెడు మాకూ పెట్టమ్మా" అని అడుగుతారు. ఊరికే చెప్పటం లేదు, అడిగినవాళ్లను చూపిస్తాను.

అలాంటి మనిషిని ఎలుకలు ఏడిపించాయి.

ఈ ఏడు ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలవగానే ఉట్టి మీది విత్తనపు మూటల్లో ఒకదాన్ని కొరికి పొట్టు మిగిల్చాయి. మిగతావీ పోతే నారుమడికి గింజ ఉండదు. డబ్బాలో పోస్తే ఉక్కకు మొలక చస్తుంది. మందు పెడదామంటే మొగుడు జక్రయ్య అడ్డం పడ్డాడు. పోయినేడు పాముకాటు నుంచి బతికి బయటపడ్డాక, ఏటా శ్రమదినాల్లో ఈస్టరు దాకా తన ఇంట ఏ ప్రాణీ చావకూడదని గుళ్లో మొక్కుకున్నాడు.

"పోనీ పిల్లిని తెస్తానయ్యా."

"పిల్లి చంపినా చచ్చేది మనింట్లోనేగా!"

"నీ మొక్కు మండ! నా విత్తనం తినేదానికి నువ్వు కాపలానా?"

చివరికి బోనులో పకోడీ గుచ్చి పట్టటం ఆమె వంతు, చేలో వదిలి రావటం అతని వంతు అయింది. రోజూ ఒకటి పడుతూనే ఉంది, చూరులో కరకరలు మాత్రం తగ్గలేదు. ఎలీసమ్మకు తిక్క రేగిపోతుంటే పొరుగింటి జైతున్‌బీకి నవ్వు. "మీ పకోడీ రుచి మరిగి చుట్టాల్ని కూడా వెంటేసుకొస్తున్నాయక్కా!"

ఒకనాడు తోక తెగిన ఎలుక పడింది. జక్రయ్య దాన్నీ తీసుకెళ్లి వదిలాడు. ఆ తర్వాత ఎలీసమ్మ చేలోంచి నెత్తిన మోసుకొచ్చిన పత్తికట్టె మోపు పొయ్యి దగ్గర విప్పిందో లేదో, ఆ తోక తెగినదే అందులోంచి దూకి లోపలికి పరిగెత్తింది.

"ఏమయ్యా, చేలో వీటినెక్కడ వదుల్తున్నావ్?"

"పత్తికట్టె వామి దగ్గర. ఎండకి మాడి చస్తాయేమోనని, నీడ చూసి..."

"మరి పొయ్యిలోకి కట్టె ఎక్కణ్ణించి తెస్తున్నాననుకున్నావ్?"

జక్రయ్య తల గోక్కున్నాడు. "రేపట్నించి వాగు అవతల వదుల్తాలేవే."

"మోపు మోపుకీ దొంగల్ని నెత్తినెట్టుకుని ఊరేగించా! ఇంక నా వల్ల కాదు. నీ మొక్కుతో నువ్వే కాపరం చేసుకో."

మిగిలిన మూటలు సంచిలో సర్దుకుని ప్రత్తిపాడులో అన్న ఇంటికి బస్సెక్కింది. అక్కడ రెండు పిల్లులున్నాయి, మొక్కులు లేవు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి అరిచి చెప్పింది, ఈస్టరు వెళ్లిన మర్నాడే మళ్లీ తన గడప తొక్కుతానని. ఆమె చెప్పిన ఆ మర్నాడు 1984 ఏప్రిల్ 23, సోమవారం.