సారక్క గొంతులో వెండి గొట్టం

1979లో, వానాకాలం మొదట్లో, వరంగల్‌లో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్న నన్ను మరిపెడ దిక్కు ఒక చిన్న దవాఖానకు డిప్యుటేషన్ మీద వేశారు. ప్రతి గురువారం వెళ్లి చెవి, ముక్కు, గొంతు రోగులను చూసి రావాలి. డిప్యుటేషన్ అంటే జీతం ఒకచోట, పని ఒకచోట, భోజనం ఎక్కడో దేవుడికే ఎరుక. పనిముట్లు మన సంచిలో ఉన్నవే.

అలాంటి ఒక గురువారం యాకయ్య అనే రైతు నాలుగేళ్ల కూతురు సారక్కను భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. స్వరపేటికలో పులిపిర్లు పెరిగి పిల్లకు గాలి ఆడటం లేదు. పెదవులు నల్లబడ్డాయి. వరంగల్ దాకా తెచ్చే వ్యవధి లేదు. గొంతు కింద శ్వాసనాళానికి రంధ్రం చేసి వెండి గొట్టం అమర్చాను. దీన్ని ట్రెకియాస్టమీ అంటారు. పిల్ల ఊపిరి పీల్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఇక గాలంతా గొట్టంలోంచే పోతుంది గనుక మాట రాదు, ఏడ్చినా వినపడదు.

వెంట తెచ్చి వరంగల్ వార్డులో ఉంచాను. పులిపిర్లు తీయడానికి హైదరాబాదులో మంచం ఇప్పట్లో దొరకదన్నారు. గాయం కుదుటపడ్డాక యాకయ్య ఇంటికి పోతామన్నాడు. వెండి గొట్టం లోపల ఇంకో సన్న గొట్టం ఉంటుంది, దాన్ని తీసి కడిగి పెట్టడం అతనితో నా ముందే చేయించాను. నీళ్లు పోయొద్దు, తడిబట్టతో తుడవాలి, రంధ్రంలో నీళ్లు పడితే నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతాయని చెప్పాను. "సమజైంది సారు" అన్నాడు. నిజంగానే అర్థమైంది అతనికి.

తర్వాతి గురువారం యాకయ్య, అతని తల్లి కొమురమ్మ మరిపెడ వచ్చారు. పిల్ల లేదు. యాకయ్య రుమాలు విప్పి గొట్టం బల్ల మీద పెట్టాడు.

"సర్కారు సామాను కద సారు, మా కాడెందుకు?"

పిల్ల ఏదని అడిగాను.

జరిగింది ముసలమ్మే చెప్పింది. బస్సు దిగి ఇంటికి రాగానే యాకయ్య పిల్లను ఆమెకు అప్పగించి, కరెంటు వచ్చే వేళయిందని పొలానికి మోటారు వేయడానికి బాయికాడికి పోయాడు. దవాఖాన నుంచి వచ్చినవాళ్లను తానం పోయకుండా వాళ్లింట్లో గడప దాటనివ్వరు. ఆమె మనవరాలిని వాకిట్లో బండ మీద కూర్చోబెట్టి, వేపాకు వేసి కాచిన నీళ్లు తల మీంచి పోసింది.

"ఏడ్వనే లేదు సారు. తానమంటే ఊరంత ఇనబడేటట్టు ఏడ్చే పిల్ల. ఇయ్యాల బుద్ధిగ పోయించుకుంటాంది నా బిడ్డ అని ఇంకో చెంబు పోసిన."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండిందో నాకే తెలియలేదు. అమ్మకు ఎందుకు చెప్పలేదని యాకయ్యను అడిగాను.

"తానాల సంగతి మొగోళ్లకేం ఎరుక సారు. పొద్దుమీకి అచ్చినంక జెప్దామనుకున్న" అన్నాడు.

వార్డులో పిల్లల ఒళ్లు తుడిచేది నర్సులు. పిల్ల ఇంటికి పోతే ఆ పని ఇంట్లో తానం పోసేవాళ్లదే, వాళ్లకు నేనేమీ చెప్పలేదు. ఆ తర్వాత గొట్టం పెట్టిన ఏ పిల్లను ఇంటికి పంపాలన్నా, ఇంట్లో తానం పోసేదెవరని ముందుగా అడిగేవాణ్ణి. ఆ మనిషి వచ్చి నా ఎదుట కూర్చునేదాకా పిల్లను కదలనివ్వలేదు.