నల్లటి మూత్రం

సుగ్రా బేగం డోర్నకల్‌లో కుట్టుమిషను తొక్కి బతికే మనిషి. ముప్పై రెండో ఏట తొడల్లో బలం తగ్గడం మొదలైంది. చాప మీది నుంచి లేవాలంటే చేతులు ముందు నేలకు, తర్వాత మోకాళ్లకు ఆనించి మెల్లగా పైకి లేవాల్సి వచ్చేది.

సకల జనుల సమ్మెకు ముందరి ఎండాకాలం, మానుకోటలో ఒకడు కరెంటుతో కండలు బాగుచేస్తాడని విని భర్త మజీద్‌తో వెళ్లింది. వాడి మెడలో జై తెలంగాణ కండువా ఉంది.

"గిది మన వైద్యం అక్కా. కరెంటు పెడితే కండ మళ్ల మొలుస్తది."

దీక్షా శిబిరంలో రోజూ కూర్చునే సుగ్రా ఆ కండువాను చూసే నమ్మింది. వాడు తడిగుడ్డల మీద రేకులు పెట్టి కరెంటు వదిలితే తొడలు వాటంతటవే ఎగిరిపడేవి. ఆ తర్వాత గోడ పట్టించి వంద గుంజీలు తీయించేవాడు. వెళ్లొచ్చిన ప్రతిసారీ మర్నాడు మూత్రం డికాక్షన్ రంగులో వచ్చేది.

ఆ సంగతి చెబితే, "చెడంత దిగిపోతున్నది," అని వాడు నవ్వాడు.

నాలుగు నెలలకు మిషను తొక్కడానికి కాళ్లు లేవలేదు. సమ్మెతో బస్సులు బంద్. మజీద్ ఆమెను రైల్లో వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ తొడలోకి సన్నటి సూది దించింది. పక్కనున్న పెట్టె చిటపటలాడింది.

"గిండ్ల గూడ కరెంటు పెడ్తరా మేడం?"

"లేదమ్మా. నీ కండలో పుట్టే కరెంటునే ఇది వింటుంది. కొంచెం బిగించు."

తెర మీద పొట్టి పొట్టి గీతలు కిక్కిరిశాయి. తర్వాత చిన్న కండముక్క తీసి పరీక్షించారు. పుట్టుకతో వచ్చిన లోపం వల్ల కండ పోగులు విరుగుతున్నాయనీ, కొత్తవి పుడుతున్నా వాటిలోనూ అదే లోపం ఉందనీ, విరిగినంత వేగంగా అవి పుట్టలేవనీ డాక్టరమ్మ చెప్పింది.

"మరి వాడు తీయించిన గుంజీలు? తెల్లారి మూత్రం నల్లగ వచ్చేది మేడం."

"ఉన్నవీ తెగుతాయి. ఆ నల్లటి మూత్రంలో పోయింది నీ కండేనమ్మా."

ఆ రంగు చూసి నాలుగు నెలలు సంబరపడింది సుగ్రాయే.

తిరుగు రైలు మానుకోటలో ఆగగానే దిగుదామంది. "ఎందుకే లొల్లి?" అన్నాడు మజీద్. సుగ్రా వినలేదు. వాడి గదిలో బెంచీ మీద వైద్యానికి వచ్చినవాళ్లు ఐదారుగురున్నారు. అందరికీ వినబడేలా జరిగిందంతా చెప్పింది.

"గీమె ఆంధ్రోళ్ల మాటలు మోసుకొచ్చింది!" అని వాడు అరిచాడు.

"నా ఉచ్చ రంగు జూసి నవ్విన నోటితోటి జై తెలంగాణ అనకు. థూ!"

ఇద్దరు లేచి వెళ్లిపోయారు. కురవి దగ్గరి తండా నుంచి వచ్చిన సీతాబాయి మాత్రం కదలలేదు. "ఆయన చెయ్యి మంచిదంటరు బిడ్డా," అంటూ కాళ్లు చాపి తడిగుడ్డలు వేయించుకుంది. సుగ్రా మొహం తిప్పుకుంది.

రాష్ట్రం వచ్చింది. వాడు ఇంకో గది కట్టాడు. సుగ్రా ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది, కూర్చుని చేతిమిషను తిప్పుతోంది. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఎవరైనా వాడి పేరెత్తితే, మూత్రం సంగతితో సహా మొత్తం చెబుతుంది. మజీద్ సిగ్గుతో బయటికి పోతాడు. ఆమె ఆపదు.