పదకొండేళ్ళు తిరగేసి పెట్టిన తీగ

నిన్న పొద్దున్న దానియేలు కూతురు రూతు ఫోన్ చేసింది.

"మాస్టారూ, నాన్న ఎల్లిపోయారండి. టీ తాగుతా రేడియో తిప్పుతన్నారు. అలాగే వాలిపోయారు."

ఫోన్ పెట్టేశాను.

తర్వాత నా మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన దాచకుండా రాస్తున్నాను. చావు కూడా ఇతనికి ఇంత బాగా కుదిరిందా అనుకున్నాను.

నాకు మోకాళ్ళ నొప్పులు, మందుల డబ్బా. అతనికి చేతిలో టీ గ్లాసు, చెవిలో పాట.

నిన్నటి నుంచి ఇక్కడ ఫేస్‌బుక్‌లో అందరూ అతని ఫోటోలు పెడుతున్నారు. మన సంగీత సభ పెద్దలు "మహా శబ్ద నిపుణుడు" అని రాశారు. సంతోషం. మీ కచేరీలన్నిటికీ సౌండ్ సరిచేసి, స్టేజి వెనక పెట్టె మీద కూర్చుని పులిహోర తిన్న మనిషి అతను. ఒక్కసారైనా ముందు వరుసలో కుర్చీ వేశారా?

ఆ ముందు వరుసలో నేనూ కూర్చున్నాను. అదీ రాస్తున్నాను.

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. దానియేలు అనంతగిరిలో మిషన్ బడి పిల్లలకు వడ్రంగం నేర్పేవాడు. పెద్ద చదువు లేదు. కానీ ఈ కొండల్లో ఎవరింట్లో పాట గరగరలాడినా అతన్నే పిలిచేవారు. స్పీకర్ పెట్టె కింద రెండు ఇటుకలు పెట్టేవాడు. వెనక గోడకి పాత కాఫీ గోనె సంచి వేలాడదీసేవాడు. అంతే. పాట తేటపడేది.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. ధ్వని మీద ఒక బీరువా నిండా పుస్తకాలున్నాయి. విశాఖ నుంచి తెప్పించుకున్న ఖరీదైన సెట్టు ఉంది.

అయినా జనం పాట వినడానికి అతనింటికి వెళ్ళేవారు. నా ఇంటికి పుస్తకాలు అడగడానికి వచ్చేవారు. తిరిగి ఇచ్చేవారు కాదు.

పదకొండేళ్ళ క్రితం ఒక ఆదివారం అతన్ని టీకి పిలిచాను. నా సెట్టు విని అతని మొహం చిన్నబోతే చూడాలని.

పాట పెట్టాను. తల వంచుకుని విన్నాడు.

"ఏటి మాస్టారూ, పెట్టెల్ని గోడకి అంటించీసారు? ఆటికి ఊపిరాడొద్దా?"

లేచి రెండింటినీ మూరెడు ముందుకి లాగాడు. పెట్టెల వెనక్కి వంగి చూసి నవ్వాడు.

"ఒకదానికి ఎర్ర తీగ, నల్ల తీగ తిరగేసి పెట్టారు కదండీ. ఒక పెట్టె తోస్తంటే రెండోది లాగేస్తంది. మొగుడూ పెళ్ళాల్లాగ కొట్లాడుకుంటన్నాయి."

వేళ్ళతోనే తీగలు మార్చాడు. అర నిమిషం పని. ఖర్చు లేదు.

అప్పటిదాకా ఎక్కడో గోడల్లో ఉన్న గొంతు మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ కాసేపు నిలబడింది. తర్వాత కూర్చుంది. నా సెట్టు ముందు ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

"బలేగుంది అన్నయ్యా. మనిషి ఎదురుగా కూకుని పాడతన్నట్టుంది" అంది.

అతను నా వైపు తిరిగాడు. "మీకెలాగుంది మాస్టారూ?"

"పెద్ద తేడా ఏం లేదు" అన్నాను.

అతను గేటు దాటగానే పెట్టెల్ని మళ్ళీ గోడకి నెట్టేశాను. తీగలు మళ్ళీ తిరగేశాను.

అవును, తెలిసే. ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, తెలిసే తప్పుగా కలిపాను. పదకొండేళ్ళు అలాగే విన్నాను.

మా ఆవిడ మళ్ళీ వచ్చి కూర్చోలేదు. పాట కావాలంటే, రూతుతో కబుర్లకని చెప్పి వాళ్ళింటికి వెళ్ళేది. దానికి కూడా అతని మీదే కోపం పెంచుకున్నాను.

ఈ రోజు మధ్యాహ్నం చర్చిలో ప్రార్థన. పాస్టర్ గారు నోరు తెరవగానే మైకు కీచుమంది. ఆయన కంగారుపడి చేత్తో మూశారు. ఇంకా అరిచింది.

"ఆపీయండి బాబూ, సెవులు పోతన్నాయి" అని వెనక నుంచి ఎవరో కేకేశారు.

ఇన్నాళ్ళూ ఆ మైకు సర్దినవాడు శవపెట్టెలో ఉన్నాడు. ఎవరో స్పీకర్లను మైకు వెనక పెట్టేశారు.

"మైకుకి దాని గొంతు అది ఇనపడకూడదు మాస్టారూ. ఇనపడితే కేకలేస్తాది" అని అతను ఎన్నోసార్లు చెప్పాడు. సంగీత సభలో కొందరికీ ఇదే జబ్బు.

లేచాను. మోకాళ్ళు సహకరించకపోయినా రెండు స్పీకర్లనూ మైకుకు ముందుకు లాగి, మొహాలు జనం వైపు తిప్పాను. అతను తిప్పినట్టే. అసూయతో చూసినా అంతా చూశాను కదా.

కూత ఆగింది. పాస్టర్ గారి గొంతు చివరి బల్ల దాకా తేటగా వెళ్ళింది.

ముందు కూర్చున్న, చూపు సరిగా ఆనని ముసలమ్మ కళ్ళు తుడుచుకుని పక్కావిడతో అంది: "మన దానియేలు ఎంత బాగా సర్దీసి ఎల్లాడో సూడే."

లాగింది నేను. పేరు అతనికి.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా పెట్టెలు ముందుకి లాగాను. తీగలు సరిగ్గా కలిపాను. అతని అర నిమిషం పని నా ముసలి చేతులకు పావుగంట పట్టింది.

పాట పెట్టాను. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మార్చీసారా?"

"నీకు తెలుసా?"

"నాకూ సెవులున్నాయి కదండీ" అంది. వచ్చి కూర్చుంది.

ఆవిడ ఏడుస్తోంది. పాట ఇంకా వస్తోంది. నేనిది రాస్తున్నాను.

దానియేలూ, పైన కూడా ఎవరో పెట్టెలు గోడకి అంటించే ఉంటారు. కొన్నాళ్ళు వాటి జోలికి పోకు. నీ చేతులకు విశ్రాంతి దొరకాలి.

ఆ ఆదివారం నన్నో మాట అడిగావు.

చాలా తేడా ఉంది.