తౌనో బాబాయ్ చెయ్యి పెట్టడు

మా తౌనో బాబాయ్ ఊళ్లో పాడైన ప్రతి వస్తువునీ బాగుచేయించగలడు గానీ, దేనిమీదా చెయ్యి మాత్రం పెట్టడు.

మీ ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోయిందనుకోండి, పిలవగానే వస్తాడు. వచ్చి ఒక కుర్చీ అడుగుతాడు. దానిమీద కూర్చుని రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దోపుకుంటాడు. ఇక కాఫీ కప్పు కోసం తప్ప ఆ చేతులు బయటికి రావు. "ఊఁ, వెనక రేకు విప్పు" అంటాడు. ఎవరితో అనుకున్నారు? మీతోనే! ఆఖరికి పనిముట్ల పెట్టె కూడా ఆయన మొయ్యడు. అది నేను మోస్తాను. పక్కింట్లో కాపురం ఉండటమే నేను చేసిన నేరం.

ఒకసారి చర్చిలో హీటరు చచ్చిపోయింది. బాబాయ్ కుర్చీ వేయించుకుని పాస్టరు గారిని నేలమీద వెల్లకిలా పడుకోబెట్టాడు. గంట తర్వాత ఆయన మసి గడ్డంతో బయటికొచ్చి, "తౌనో, లోపల నట్టు జారి ముక్కుమీద పడ్డప్పుడు నా నోటినుంచి ఒక మాట వచ్చింది. నువ్వు విన్నావా?" అని భయంభయంగా అడిగాడు.

"నాకేం వినబడలేదు. నట్టు బిగించావా లేదా?"

"బిగించాను."

"అయితే దేవుడికీ వినబడి ఉండదులే."

బాబాయ్ ఎందుకిలా చేస్తాడని ఊళ్లో రకరకాల ఊహలు. చిన్నప్పుడు కరెంటు షాకు కొట్టిందని కొందరు, కాగితం మిల్లులో ముప్ఫై ఏళ్లు మెకానిక్కుగా చేసి విసుగెత్తిందని కొందరు. వట్టి బద్ధకమని మా ఆవిడ. శీతాకాలం అంతా మంచు తోసే లారీ నడిపి, సెలవు రోజున ఆ పెట్టె మోసేవాణ్ణి గనుక నాది కూడా మా ఆవిడ మాటే.

ఆ ఏడు నడివేసవి పండుగ దగ్గరపడింది. సరస్సు ఒడ్డున మంట వేసి, తాతల నాడు ఇక్కడికి వలస వచ్చిన మా ఫిన్నిష్ వాళ్ల సంఘం హాల్లో అందరం కలిసి తినే పండుగ. దానికి ఐలా పిన్ని జడలా అల్లి కాల్చే యాలకుల రొట్టె లేకపోతే పండుగే కాదు. అలాంటిది, "ఈసారి నేను చెయ్యను, ఇంకెవరినైనా చూసుకోండి" అని ఆవిడ కబురు పెట్టింది. రొట్టె పైన మాడుతోందట, లోపల పచ్చిగా ఉంటోందట. "నా చెయ్యి పోయింది. వయసు మీద పడింది" అని ఇంట్లో కూర్చుంది. ఆవిడ భర్త ఉన్నన్నాళ్లూ ఆవిణ్ణి బల్బు కూడా మార్చనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక ఇంట్లో ఏది పాడైనా అలా పడి ఉండటమే.

కబురు వినగానే బాబాయ్ లేచాడు. "ఒరే ఎర్కీ, పెట్టె తియ్యరా."

పిన్ని తలుపు తీస్తూనే మొత్తుకుంది. "ఎందుకొచ్చావు అన్నయ్యా! పాడైంది ఓవెన్ కాదు, నేను. పైగా నాకు స్క్రూడ్రైవరు ఏ చివర పట్టుకోవాలో కూడా తెలీదు."

"రంగు వేసిన చివర. కుర్చీ ఎక్కడ?"

ముందు ఖాళీ ఓవెన్‌లో ఒక వేడి కొలిచే గడియారం పెట్టించాడు. పిన్ని చేతే మీట మూడు వందల యాభై డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తిప్పించాడు. కాఫీ తాగాం. ఓవెన్ బాగా వేడెక్కి కాస్త నిలకడపడ్డాక, "ఇప్పుడు అద్దంలోంచి చూసి చెప్పు" అన్నాడు. పిన్ని వంగి చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"నాలుగు వందల పాతిక!"

"నువ్వు ఎంత పెట్టావు?"

"మూడు వందల యాభై."

"అయితే ఎవరి చెయ్యి పోయినట్టు?"

 పిన్ని చేతిలో తువ్వాలు మడిచి ఓవెన్‌ని ఫెడీమని ఒక్కటి వేసింది. "దొంగ పీనుగా! ఇన్నాళ్లూ నన్ను నేను తిట్టుకున్నాను కదే!"

"కొట్టాల్సింది దాన్ని కాదు, లోపల వేడి కనిపెట్టే సెన్సర్ అని ఒకటుంటుంది, దాన్ని. చల్లారాక పట్టుకుందాం."

చల్లారాక కింద నేలమాళిగలోకి వెళ్లి కరెంటు ఆపి రమ్మన్నాడు. "తప్పు స్విచ్చి నొక్కితే?" అంది పిన్ని. "నొక్కు. ఏది ఆరిపోతుందో చూసి ఇక్కణ్ణుంచి అరుస్తాను" అన్నాడు. రేడియో ఆగింది. హాల్లో దీపం ఆరింది. చివరికి ఓవెన్ మీద అంకెలు ఆరిపోయాయి. పిన్ని మెట్లెక్కి వచ్చేటప్పటికి ముఖంలో కళ వచ్చింది.

ఓవెన్ లోపల వెనక గోడకి పెన్సిలంత పుల్ల ఒకటి, అదే సెన్సర్. పిన్ని రెండు స్క్రూలు విప్పి, దాన్ని మెల్లగా బయటికి లాగి, వెనకున్న వైరు గోడలోకి జారిపోకుండా బట్టల క్లిప్పు పెట్టి, సెన్సర్ ఊడదీసింది. మీటరు తీగలు దానికి ఆనించింది. తొమ్మిది వందల ఇరవై ఓమ్‌లు.

"మామూలు గది వేడికి వెయ్యీ ఎనభై చూపించాలి" అన్నాడు బాబాయ్. "ఇది తక్కువ చూపిస్తోంది. అంటే, లోపల నిప్పులు కక్కుతున్నా, ఇంకా చల్లగానే ఉందని ఓవెన్‌కి చాడీలు చెబుతోంది. అదేమో నమ్మేసి ఇంకా మండుతోంది."

"అచ్చం మా ఆడపడుచులా" అంది పిన్ని.

కొత్త సెన్సర్ కోసం కొట్టుకి ఫోను కూడా ఆవిడ చేతే చేయించాడు. ఓవెన్ మీది అంకెలు చదివి వినిపిస్తుంటే అవతలివాడు, "ఇంట్లో మగవాళ్లు ఉంటే ఒకసారి ఇస్తారా?" అన్నాడట. "ఇద్దరున్నారు. ఒకడు కాఫీ తాగుతున్నాడు, ఇంకొకడు పెట్టె మోసుకొచ్చి అలిసిపోయాడు. నాతోనే చెప్పు" అంది.

సరుకు పండుగకి రెండ్రోజుల ముందు వచ్చింది. పిన్ని మళ్లీ కరెంటు ఆపి వచ్చి, ఉత్సాహం పట్టలేక ముందే క్లిప్పు తీసేసింది. వైరు సర్రున గోడలోకి పోయింది.

"అయిపోయింది! పాడుచేసేశాను!" పిన్ని నేలమీద కూలబడింది. నేను పట్టకారు తీసుకుని లేవబోయాను. బాబాయ్ కాలు అడ్డం పెట్టాడు. "కూర్చో."

"పండుగ ఎల్లుండి, బాబాయ్!"

"కూర్చోమన్నానా?" అని పిన్ని వైపు తిరిగాడు. "ఐలమ్మా, దారం కన్నంలోంచి అవతలికి జారిపోతే అల్లికలో ఏం చేస్తావు?"

పిన్ని తలెత్తి చూసింది. లేచి వెళ్లి కొన కొక్కెంలా వంగిన క్రోషా సూది తెచ్చింది. తల ఓవెన్‌లోకి దూర్చి, నాలిక బయటపెట్టి, ఆ చిన్న కన్నంలో వెతకసాగింది. అప్పుడు చూశాను నేను. బాబాయ్ ముఖం రాయిలా ఉంది గానీ, ప్యాంటు జేబుల్లో వేళ్లు మాత్రం బోనులో పడ్డ ఎలుకల్లా కొట్టుకుంటున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. బద్ధకస్తుడికి ఎక్కడైనా చెమట పడుతుందా?

"చిక్కింది!" ఓవెన్ లోపలినుంచి కేక వినబడింది.

కొత్త సెన్సర్ తగిలించి, స్క్రూలు బిగించి, కరెంటు ఇచ్చి చూస్తే లోపల గడియారం మూడు వందల యాభై దగ్గరే ఊగుతోంది. పిన్ని మమ్మల్ని బయటికి తరిమింది. "పిండి కలుపుకోవాలి, వెళ్లండి!"

పండుగ నాడు హాలంతా యాలకుల వాసన. అందరూ బాబాయ్ వీపు తడుతున్నారు. "భలే బాగుచేశావు తౌనో!" ఆయనదొకటే మాట. "నేను కాఫీ తాగానంతే. బాగుచేసింది ఆవిడ." పిన్ని ఒక మూల జనాన్ని చుట్టూ పెట్టుకుని, క్రోషా సూదితో గాల్లో చూపిస్తూ కథ చెబుతోంది. ఆ సరికి కథలో వైరు పాములాగా బుసలు కొడుతోంది.

నేను కప్పుల కోసం వెనక వంటగదిలోకి వెళ్లాను. తలుపు తోసి అక్కడే నిలబడిపోయాను. హాల్లో అందరికీ ఉమ్మడిగా ఉన్న పెద్ద కాఫీ కాచే డబ్బా ఆగిపోయినట్టుంది. బాబాయ్ ఒక్కడే చొక్కా చేతులు మడిచి దాన్ని విప్పుతున్నాడు. ఆ వేళ్లు పరిగెడుతున్నాయి! నేను కప్పులు లెక్కపెట్టేలోపు డబ్బా మళ్లీ బుడబుడమంది.

"బాబాయ్! నీ చేతులు పనిచేస్తాయా?"

"తలుపు వెయ్యరా వెధవా!"

"మరి మాచేత ఎందుకు చేయిస్తావు?"

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "నేను చేస్తే చిటికెలో అవుతుంది. రేపు మళ్లీ పాడైతే వాళ్లు మళ్లీ నాకోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఐలా ఇప్పుడు ఎదురుచూస్తుందా?"

"మరి దీనిమీద చెయ్యి పెట్టావేం?"

"దీనికి సొంతదారు ఎవరురా? ఎవరికి నేర్పను?" అని చేతులు జేబుల్లో పెట్టుకుని బయటికి నడిచాడు.

ఆ తర్వాత పిన్ని ఊరిమీద పడింది. ఎవరి పొయ్యి మూలిగినా క్రోషా సూదితో సహా వాలిపోయేది. వాళ్లచేతే చేయించేది. ఆకురాలే కాలం వచ్చేసరికి బాబాయ్ ఫోను మోగడం మానేసింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తుంటే నాకే బాధగా ఉండేది.

ఒక శనివారం పిన్ని ఫోను చేసింది. "అన్నయ్యా, పెద్ద చిక్కొచ్చింది. త్వరగా రా." బాబాయ్ పెట్టె సంగతి కూడా మరిచిపోయి పరిగెత్తాడు.

వెళ్లేసరికి బల్ల మీద అప్పుడే తీసిన జడరొట్టె. చుట్టూ పాస్టరు గారు, బాబాయ్ కుర్చీలోంచి పని నేర్పిన ఆడవాళ్లందరూ. బల్ల చివర మెత్త వేసిన కుర్చీ ఒకటి.

"ఏది పాడైంది?" అన్నాడు బాబాయ్, రొప్పుతూ.

"ఏదీ పాడవలేదు. ఈ రొట్టె ఎలా కొయ్యాలో మాకెవరికీ తెలియడం లేదు" అంది పిన్ని.

బాబాయ్ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఊఁ, కత్తి తియ్యి."

ఎవరూ కదల్లేదు. పిన్ని చేతులు ఏప్రన్ జేబుల్లో ఉన్నాయి. పాస్టరు గారి చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి. నావి కూడా ఎప్పుడు వెళ్లాయో, జేబుల్లోనే ఉన్నాయి.

బాబాయ్ అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. "దొంగ సన్నాసులు!" అంటూ చొక్కా చేతులు మడిచి, కత్తి అందుకున్నాడు.